కొత్తగా బడికొచ్చే టీచర్లకు, కోసిగి పక్క నుంచి

మా బడికి బి.ఎడ్ ఛాత్రోపాధ్యాయులు, అంటే టీచరు శిక్షణలో ఉన్నవాళ్లు, వచ్చిన మొదటి వారంలోనే గోడ మీద ఒక చార్ట్ వెలుస్తుంది. రంగు పెన్నులతో, చుట్టూ పూల అంచుతో. "క్రమశిక్షణ పాటించవలెను. నిశ్శబ్దముగా ఉండవలెను. పెద్దలను గౌరవించవలెను." ఎంతో ఇష్టంగా రాస్తారు, ఆ ఇష్టం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ ఆ చార్ట్ ఎదురుగా కూర్చునే ఆరో తరగతి పిల్లల్లో చాలామందికి అది చదవడమే కష్టం. చదవగలిగినవాళ్లకు కూడా ఇప్పుడు, ఈ నిమిషంలో ఏం చేయాలో అది చెప్పదు.

మా తరగతి ఎట్లుంటుందో చెప్తాను. మాది కర్నూలు జిల్లా, కర్ణాటక సరిహద్దు మాకు దగ్గర. ఒకే బెంచీ మీద ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్ల, ఉర్దూ మాట్లాడే పిల్లాడు, తండా నుంచి నడిచొచ్చే ఇంకో పిల్ల కూర్చుంటారు. తెలుగే ఇంటి భాష అయిన పిల్లల తెలుగు కూడా పుస్తకంలోని తెలుగు కాదు. ఇక సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం, దాని సంగతి. దీపావళి దాటిందంటే పత్తి తీతకు, మిరప కోతకు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు కదులుతాయి. ఇళ్లకు తాళాలు పడతాయి. కొందరు పిల్లలు ఆ వలస నెలల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో ఉంటారు, కొందరు అవ్వ దగ్గర ఉంటారు, మిగిలినవాళ్లు అమ్మానాన్నలతో పాటు పోతారు. పోయినవాళ్లు ఉగాదికి అటూ ఇటూగా తిరిగొస్తారు.

ఇలాంటి తరగతిలో నిలబడి "ఎట్లుండాలో మీకు తెలుసు కదా" అనడం న్యాయం కాదు. తెలియదు. ఎవరూ చేసి చూపించలేదు.

ఈ ఏడాది శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి రెండో రోజే కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఎంత చెప్పినా వినరు మేడం, టెన్షన్‌గా ఉంది" అంది. "ఏం చెప్పినావమ్మా?" అని అడిగాను. "సైలెంట్‌గా గ్రూప్ వర్క్ చేయండి అని చెప్పినాను." మాట్లాడుకోమని చెప్తూనే మాట్లాడొద్దంటే పిల్లలు ఏది వినాలి? మరుసటి రోజు ఆమె ఇద్దరు పిల్లలను ముందుకు పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టింది. ఒకరు చదవాలి, ఇంకొకరు ఆ వరస కింద వేలు జరుపుతూ పోవాలి. గొంతు పక్కవాడికి వినిపిస్తే చాలు. చప్పట్లు రెండు వినపడగానే పుస్తకం మీద చేయి పెట్టి బోర్డు వైపు చూడాలి. ఇదంతా పిల్లల చేతే చేయించి, "అర్థమైందా?" అని అడగకుండా, "నువ్వొచ్చి చేసి చూపించు" అని ఉర్దూ మాట్లాడే బాబును పిలిచింది. వాడు తడుముకోకుండా చేశాడు. భాష చాలని చోట చూసినది పనికొచ్చింది.

వినికిడి తక్కువున్న బాబు ఒకడున్నాడు మా తరగతిలో. వాడికి టీచరు పెదవులు కనిపించాలి. అందుకే బోర్డు వైపు తిరిగి రాస్తూ సూచనలు చెప్పొద్దని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్తాను. రాయండి, తిరగండి, అప్పుడు చెప్పండి. అది వాడొక్కడి కోసమే చేసినా వెనక బెంచీలకూ బాగా వినపడుతుంది.

ఆలస్యంగా వచ్చేవాళ్లను వాకిట్లో నిలబెట్టే పద్ధతి నాకు అసలు ఇష్టం లేదు. పొద్దున నీళ్లు పట్టి, చెల్లెల్ని అంగన్‌వాడీలో దింపి వచ్చే పిల్లను బయట నిలబెడితే పోయేది ఆమె పాఠమే. అట్లని ఆలస్యం పరవాలేదని కూడా నేను అనను. రాగానే ఏం చేయాలో ఆమెకు ముందే తెలియాలి: వెనక వైపు నుంచి వచ్చి కూర్చో, తేదీ రాసుకో, పక్కపిల్ల నోట్సు చూసి మొదలుపెట్టు. ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సింది నేను.

కొందరు తండ్రులు బడికొచ్చి "రెండు తగిలించండి మేడం, దారికొస్తాడు" అంటారు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. "సుగ్గికి పోయినోళ్లంతా లేవండి" అని అందరి ముందు నిలబెట్టడం కూడా నా దృష్టిలో వేధింపే.

ఇంకోటి ఉంది, ఇది చెప్పడమే నాకు ముఖ్యం. జాలి. "పాపం, ఇన్ని నెలలు బడికి రాలేదు, దాన్ని వదిలేయండి మేడం" అని మంచి మనసుతోనే అంటారు. వదిలేస్తే ఆ పిల్లను నిజంగానే వదిలేసినట్టవుతుంది. అదే చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం బడికి దూరమైన పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, తోటివాళ్లను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ వాళ్ల హక్కు. కథ విని ఐదు సొంత వాక్యాలు రాయాలి అనేది లక్ష్యమైతే, అందరికీ ఐదే. కన్నడ ఇంటి పిల్ల ముందు కన్నడంలో చెప్పనీ, తర్వాత తెలుగులో రాస్తుంది. అవతల కన్నడ బడిలో చదివొచ్చిన పిల్లాడు తలకట్టు కన్నడం తీరులో పెడితే ఎర్రసిరా గీత కొట్టకండి. వాడికి అక్షరం వచ్చు, దాని మీద పెట్టే గుర్తే మారాలి. పక్కన ఒకటి రాసి చూపిస్తే చాలు.

2014 నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనలతో బి.ఎడ్ రెండేళ్లయింది, బడిలో ఉండే ఇంటర్న్‌షిప్ 20 వారాలైంది. ఆ వారాల్లో మీరు రాసే పీరియడ్ ప్లాన్‌లో బోధనోపకరణాల కింద ఇంకో వరస గీసుకోండి: ఈ సూచన ఎవరికి అందకపోవచ్చు, వాళ్లకు ఎట్లా చూపిస్తాను? పేర్లతో రాయండి. సుగ్గి నుంచి పిల్లలు తిరిగొచ్చిన రోజు చప్పట్ల సంగతి, జతల్లో చదివే పద్ధతి, పుస్తకాలు ఎక్కడ పెట్టాలో అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయించండి. మీరు చెప్పడం కంటే ఊళ్లో ఉండిపోయిన పిల్లలతో చూపిస్తే ఇంకా మంచిది. దానికి సగం పీరియడ్ పోతుంది. పోనివ్వండి, ఆ రోజు సిలబస్ ఆగినా పరవాలేదు.