ఉప్పు సీజన్‌లో కారు అడుగు కడగాలి

డిసెంబరు సగం గడిచేసరికి మా ఆఫీసు పార్కింగ్‌లో ఎర్ర కారు, నల్ల కారు, నీలం కారు అన్న తేడా ఉండదు. అన్నీ ఒకటే బూడిద రంగు. దిగేటప్పుడు ప్యాంటు డోరు అంచుకు తగిలిందా, పిక్క మీద తెల్ల గీత పడ్డట్టే. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఈ గీత బాగా తెలుసు. కొత్తగా ఇండియా నుంచి వచ్చినవాళ్లు మాత్రం దులిపేస్తే పోయే దుమ్మే కదా అనుకుంటారు. దుమ్ము కాదు, మంచు కరగాలని రోడ్ల మీద చల్లే ఉప్పు.

నాకు ఉప్పు కొత్త కాదు. మాది చినగంజాం పక్కన పల్లెటూరు. ఉప్పు కొఠార్లు, వాటి గట్ల మీద కుప్పలు, వాన వచ్చేముందు ఆ కుప్పల మీద కప్పే తాటాకులు చూస్తూ పెరిగాను. ఆ గాలికి మా ఇంటి కిటికీ చువ్వలు పెచ్చులు పెచ్చులుగా ఊడేవి. సైకిలు కొన్న రెండేళ్లకే మడ్గార్డు చిల్లులు పడేది. నాన్న ఏటా వానాకాలానికి ముందు స్కూటరును ఓ పక్కకు పడుకోబెట్టి, అడుగుభాగమంతా మెకానిక్ దగ్గర తెచ్చిన పాత ఇంజిన్ ఆయిల్ పూసేవారు. పైన తళతళా తుడిచే పని మాత్రం పెద్దగా పెట్టుకునేవారు కాదు. "పైది ఊళ్లోవాళ్లు చూస్తారు, కిందిది మనం చూసుకోవాలి" అనేవారు.

ఇక్కడికొచ్చాక తెలిసింది, డెట్రాయిట్‌కు ఉప్పు ఎక్కడి నుంచో రానక్కర్లేదని. ఊరి కిందే ఉంది. సుమారు 1,200 అడుగుల లోతులో, 1,500 ఎకరాల మేర ఉప్పు గని. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఉన్న సముద్రం ఎండిపోగా మిగిలిన ఉప్పది. 1910 ప్రాంతం నుంచి తవ్వుతున్నారు, మధ్యలో కొన్నేళ్లు మూతపడి మళ్లీ తెరిచారు. అందులో తీసేది ఎక్కువగా రోడ్ల మీద మంచు కరిగించడానికే. అంటే నేను సముద్రపు ఉప్పు నుంచి పారిపోయి నేరుగా గని ఉప్పు మీదకొచ్చి కాపురం పెట్టానన్నమాట.

పైగా నా ఉద్యోగం కూడా దీంతోనే. కారు విడిభాగాలు చేసే కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. మా ల్యాబులో తుప్పు పరీక్షకు సాల్ట్ స్ప్రే ఛాంబర్ ఉంటుంది. పెద్ద డీప్ ఫ్రీజర్ సైజు పెట్టె. అందులో బోల్టులు, బ్రాకెట్లు వేలాడదీసి, 5 శాతం ఉప్పునీళ్లను సన్నటి తుంపరగా వదులుతాం, రాత్రీ పగలూ. లోపల వేడి 35 డిగ్రీల సెల్సియస్. అంటే మా ఊళ్లో ఏప్రిల్ మధ్యాహ్నం. తుప్పు త్వరగా రావాలంటే ఉప్పు, తడి ఉంటే చాలదు, వెచ్చదనం కూడా కావాలి. అందుకే 35.

ఈ సంగతి తెలిశాక చలికాలంలో కారు కడిగే లెక్క మొత్తం మారిపోతుంది. బయట మైనస్ 15 సెల్సియస్ ఉన్నప్పుడు కారు కింద ఉప్పు ఎంత పేరుకున్నా తుప్పు చాలా మెల్లగా కదులుతుంది. ఎండ కాసి, మంచు కరిగి, ఆ ఉప్పంతా నీళ్లై ప్రతి సందులోకీ పారిన రోజునే అసలు నష్టం. హీటర్ ఉన్న గరాజ్‌లో ఉప్పు కారు పెడితే ఇంకా ఘోరం. మనం పాపం కారుకు చలేస్తుందని లోపల పెడతాం. అది మా ల్యాబులో పెట్టెకు తమ్ముడు. కడగకుండా వెచ్చటి గరాజ్‌లో పెట్టేకంటే బయట చలిలో వదిలేయడం మేలు.

ఇంకో చిక్కుంది. మామూలు ఉప్పు 15 ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 9 సెల్సియస్ దిగువన పెద్దగా పనిచేయదు. అంతకన్నా చలి ఉంటే కాల్షియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు. అది గాలిలో తేమను లాక్కుని తడితడిగానే ఉంటుంది, ఎండి రాలిపోదు. మంచు పడకముందే రోడ్డు మీద ఉప్పునీళ్లు చల్లి వెళ్తారు చూడండి, రూళ్ల నోటుబుక్కులో గీతల్లా సమానంగా తెల్లచారలు కనిపిస్తాయి. ఆ నీళ్లు టైరు విసురుకు నేరుగా కారు అడుగుకే చేరతాయి. ఆకాశం నిర్మలంగా ఉంది, మంచే పడలేదు కదా, కారు శుభ్రంగానే ఉంటుందిలే అనుకోవడానికి లేదు.

అందుకని నవంబరు నుంచి మార్చి దాకా నా ఫోన్‌లో వాతావరణం యాప్‌ది ఒకటే పని. 40 ఫారెన్‌హీట్, అంటే 4 సెల్సియస్ పైకి వెళ్లే మధ్యాహ్నం ఎప్పుడుందా అని చూస్తాను. పొద్దున పదకొండు నుంచి మూడు లోపల కడగడం అయిపోవాలి. ఇక్కడ డిసెంబరులో ఐదింటికే పొద్దుగూకుతుంది, అప్పటికి కారు ఆరి ఉండాలి. మా ఆయన నవ్వుతారు. "కారు కడగడానికి కూడా వర్జ్యం, దుర్ముహూర్తం చూస్తావా?" అని. చూస్తాను మరి. 20 ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 7 సెల్సియస్ దిగువన ఉంటే అది వర్జ్యమే, అప్పుడు ముట్టుకోను. చాలా కార్ వాష్‌లు కూడా అంత చలిలో మూసే ఉంటాయి. వెచ్చటి శనివారం వస్తే మాత్రం ఊరంతా అక్కడే, లైను రోడ్డు మీదకొచ్చేస్తుంది. వీలైతే వారం మధ్యలో లంచ్ టైమ్‌లో వెళ్లండి.

మా వీధిలో ఒకాయన ఇలాంటి పట్టింపులేవీ లేకుండా సాయంత్రం ఆరింటికి కడిగించుకొచ్చి డ్రైవ్‌వేలో పెట్టారు. రాత్రి ఎముకలు కొరికే చలి. పొద్దున్నే నాలుగు డోర్లూ బిగుసుకుపోయాయి. ఇస్త్రీ చొక్కా, టై కట్టుకుని డిక్కీలోంచి దూరి డ్రైవర్ సీట్లోకి పాకుతుంటే కిటికీలోంచి మా పిల్లలు చూసి పడీ పడీ నవ్వారు.

ఆటోమేటిక్ టన్నెల్ వాష్ గురించి ఎక్కువ చెప్పను. నెలసరి పాస్ తీసుకుంటే ఎన్నిసార్లయినా కడిగించుకోవచ్చు, బద్ధకస్తులకు అదే మంచిది. అడుగున నీళ్లు కొట్టే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. చివర్లో కొట్టే నీళ్లు మంచినీళ్లేనా అని కూడా అడగండి. చాలాచోట్ల వాడిన నీళ్లనే వడకట్టి మళ్లీ వాడతారు. మట్టి వడకడితే పోతుంది, కరిగిన ఉప్పు పోదు. ముందు కార్ల ఉప్పు మన కారుకు పెట్టుకోవడానికి డబ్బులివ్వడం ఎందుకు?

నేను వెళ్లేది మనమే గన్ పట్టుకుని కడుక్కునే షెడ్డుకు. మూడు గోడలు, ఓ కప్పు, కార్డు గీకే మిషను. మన ఊళ్లో వాటర్ సర్వీసింగ్ సెంటర్ లాంటిదే, కానీ కుర్రాళ్లుండరు, ర్యాంపుండదు. చలికాలంలో అక్కడ గన్ ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. పాడైపోయింది కాదు. పైపులో నీళ్లు నిలబడితే గడ్డకట్టి పగిలిపోతాయని సన్నటి ధార అలా వదిలేస్తారు. ఆ ధార పడ్డచోట నేల మీద నున్నటి మంచు గుట్ట తయారై ఉంటుంది. చూసుకోకుండా కాలేస్తే మన పని అయిపోయినట్టే. ఉన్ని గ్లవ్స్ మీద పెద్ద సైజు రబ్బరు గ్లవ్స్ తొడుక్కుంటాను. ఉన్నివి ఒక్కటే వేసుకుంటే అయిదు నిమిషాల్లో వేళ్లు కొయ్యబారిపోతాయి.

మొదట టైర్ల పైన గూడులోకి కొడతాను. మడ్గార్డు లోపలి అంచు మడత ఉంటుంది చూడండి, ఉప్పు, ఇసుక, మంచు కలిసి గట్టిపడేది అక్కడే. గన్ కాసేపు అక్కడే నిలిపితే ముందు అంచు నుంచి నల్లనీళ్లు కారతాయి, తర్వాత ముద్ద కదులుతుంది, ఆఖరికి కొబ్బరికాయంత నల్ల మంచుగడ్డ దభీమని నేల మీద పడుతుంది. ఆ చప్పుడు వింటే నాకు చెప్పలేనంత తృప్తి. నాలుగూ పడ్డాక గన్ నేలకు ఆనించినట్టు వంచి, ముక్కు పైకి పెట్టి, కారు ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడుస్తాను. ఆ పక్కా అంతే. బ్రేక్ పైపులు పోయేది ఈ దారిలోనే. చాలా కార్లలో అవి సన్నటి ఉక్కు గొట్టాలు. తుప్పు తిని చిల్లు పడితే ఆయిల్ కారిపోయి పెడల్ నేలకు దిగిపోతుంది. మా ఆఫీసులో ఒకతని పాత ట్రక్కుకు సరిగ్గా అదే జరిగింది. అదృష్టం బాగుండి పార్కింగ్‌లో జరిగింది. తుప్పంటే అందం పాడవడమే అనుకునేవాళ్లకు నేను ఆ ట్రక్కు సంగతే చెబుతాను.

తర్వాత డోర్ల కింది అంచు. ప్రతి డోరు అడుగునా నీళ్లు పోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఇసుకతో పూడుకుపోతే నీళ్లు డోరు కడుపులోనే ఉండిపోయి, లోపలి నుంచి తినేస్తాయి. నేనొక ప్లాస్టిక్ కేబుల్ టై ముక్క దగ్గర పెట్టుకుని పొడుస్తూ పోతాను. సబ్బు నురగ, పైభాగం, అద్దాలు, ఇవన్నీ ఆఖర్న, కార్డులో టైమ్ మిగిలితేనే. షెడ్డులో వేలాడే బ్రష్ జోలికి మాత్రం వెళ్లను. ఊళ్లోవాళ్ల ఇసుకంతా దాని కుచ్చుల్లోనే ఉంటుంది, ఆ గీతలు మనకెందుకు?

కడగడం సగం పనే. కారు పక్కకు తీసి డోర్లన్నీ, డిక్కీ తెరిచి రబ్బరు బీడింగ్ చుట్టూ తుడవాలి. మా ఆయన పాత లుంగీలన్నీ ఈ పనికే వెళ్లాయి. కాటన్ లుంగీ పీల్చినట్టు ఏ మైక్రోఫైబరూ పీల్చదు, నన్నడిగితే. తుడిచాక సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి బీడింగ్‌కు పూస్తే రబ్బరు రేకుకు అతుక్కోదు. పెట్రోల్ మూత మర్చిపోకండి. ఆ తర్వాత ఓ పది నిమిషాలు ఫ్రీవే మీద తిప్పి, మధ్యమధ్యలో బ్రేకు మెల్లగా నొక్కుతూ ఇంటికొస్తే డిస్కులు ఆరిపోతాయి. ఆ రాత్రి హ్యాండ్ బ్రేక్ వేయను. తడి ఉంటే పట్టేసి పొద్దున వదలదు.

వరసగా రెండు మూడు వారాలు చలి విరగకపోతే? ఏం చేయను. కంగారుపడాల్సిందేమీ లేదు, చలి ఉన్నన్నాళ్లూ తుప్పు కూడా మెల్లగానే ఉంటుంది. హెడ్‌లైట్లు, వెనక కెమెరా, నంబర్ ప్లేటు మాత్రం మైనస్ 20 ఫారెన్‌హీట్‌కు (సుమారు మైనస్ 29 సెల్సియస్) కూడా గడ్డకట్టని వాషర్ ఫ్లూయిడ్‌తో తుడుస్తాను. అద్దం మీద మంచు పోవాలని వేడినీళ్లు పోసేవాళ్లుంటారు. చిటుక్కుమంటే అద్దం ఖర్చు వందల డాలర్లు. లోపల కార్పెట్ మీద బూట్ల ఉప్పు తెల్లమరకలు కట్టుంటే వెనిగర్, గోరువెచ్చని నీళ్లు సగం సగం కలిపి గుడ్డతో అద్దితే వదులుతాయి. రెండు రోజులు కారంతా ఆవకాయ తిరగబోసిన వాసన.

వాసనంటే గుర్తొచ్చింది. అక్టోబరులో, రోడ్ల మీద ఉప్పు పడకముందే, కారు అడుగున లానోలిన్ ఆయిల్ స్ప్రే చేయిస్తాను. గొర్రె ఉన్నిలో ఉండే జిడ్డు నుంచి తీస్తారు దాన్ని. గట్టిపడి పెచ్చులూడే తారు పూతలా కాకుండా జిడ్డుగానే ఉండి సందుల్లోకి పాకుతుంది. నాన్న ఇంజిన్ ఆయిల్ పూసినదీ ఇందుకే, కాకపోతే అది కారి నేలంతా పాడుచేసేది. ఒకసారి మా అత్తయ్య ఇక్కడున్నప్పుడే చేయించాను. గరాజ్ తలుపు తెరవగానే ముక్కు మూసుకుని, "ఏంటమ్మాయ్, ఇంట్లోకి గొర్రెల మందను గానీ తోలుకొచ్చావా?" అన్నారు. వారం రోజులకు వాసన పోతుంది. అత్తయ్య మాత్రం ఇండియా వెళ్లాక కూడా ఫోన్‌లో ఆ మాట అడగడం మానలేదు.

ఏప్రిల్‌లో రెండు మూడు గట్టి వానలు పడి రోడ్లు నల్లబడ్డాక అడుగు ఆఖరిసారి బాగా కడిగి, గరాజ్ నేల మీద ఎండిన ఉప్పు ఊడ్చి నీళ్లు కొట్టేస్తాను. అక్కడితో నా డ్యూటీ అయిపోయింది. మే నుంచి మా ఆయన వంతు. బకెట్టు, షాంపూ, వ్యాక్స్, ఫోన్‌లో పాటలు. పక్కింటివాళ్లు కారు భలే మెరుస్తోందని ఆయన్నే మెచ్చుకుంటారు.