మాటలకి అడ్డం రాని పాట

పదకొండు దాటింది. గిన్నెల పని రేపు చూసుకుందామని వదిలేసి వచ్చి కూర్చున్నాను. రాత్రి భోజనాలకి వైజాగ్ అన్నయ్యగారూ వదినా వచ్చారు. గుత్తివంకాయ బాగా కుదిరింది, వదిన రెండోసారి అడిగి వేయించుకుంది. నన్ను తొలిచేస్తున్న సంగతి వేరు.

వడ్డిస్తూ హాల్లో పోర్టిస్‌హెడ్ అనే ఇంగ్లీషు బ్యాండు వాళ్ల మొదటి ఆల్బమ్ 'డమ్మీ' పెట్టాను. అన్నయ్యగారు పప్పన్నం కలుపుకుంటూ కాసేపు విని, "బాగుందమ్మా, మాటలకి అడ్డం రావట్లేదు" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. అది విని మా చిన్నది లేచి వెళ్లి సౌండు ఇంకాస్త తగ్గించింది. ఇక ఫ్లాటు రిజిస్ట్రేషను, స్టాంపు డ్యూటీ, లిఫ్టు మెయింటెనెన్సు. 'రోడ్స్' పాట ఎప్పుడొచ్చిందో ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ పట్టలేదు. వణికే ఆ ఎలక్ట్రిక్ పియానో మీద ఆ బ్యాండు గాయని బెత్ గిబ్బన్స్ గొంతు ఎత్తితే చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోవాలి కదా! మా ఆయన కూడా, నన్నూ ఈ పాటనీ ఇన్నేళ్లుగా ఎరిగిన మనిషి, "అప్పడాలున్నాయా ఇంకా" అన్నారు.

ఆ ఆల్బమ్ నా దగ్గరికి వచ్చిందే అరకొరగా. హాస్టల్లో మా రూమ్మేట్‌కి వాళ్ల అన్నయ్య లండన్ నుంచి టీడీకే 90 క్యాసెట్టులో రికార్డు చేసి పంపాడు. మొదటిసారి పెట్టగానే ఒకటే చిటపటలు. ఆ పిల్ల టేప్ రికార్డరు మూత తెరిచి, దూదికి కొలోన్ అద్ది హెడ్ తుడిచింది. దూది గోధుమరంగుకి తిరిగింది. మళ్లీ పెట్టాం. చిటపటలు ఎక్కడికీ పోలేదు. క్యాసెట్టు దారిలో పాడైపోయిందని దానికి ఏడుపొచ్చినంత పనైంది. చాలా ఏళ్ల తర్వాత చదివాను, అవి వాళ్లు కావాలని పెట్టుకున్నవేనట. బ్యాండులోని మిగతా ఇద్దరు జెఫ్ బారో, ఏడ్రియన్ అట్లీ తాము వాయించిందే వినైల్ మీద అచ్చు వేయించి, ఆ రికార్డుల్ని పాతబడేలా స్టూడియో నేల మీద పడేసి తొక్కి, తర్వాత వాటిలోంచి ముక్కలు తీసి పాటలు కట్టుకున్నారట. మా క్యాసెట్టులో ఇంకొకటి. ఆల్బమ్ ఒక సైడులో పట్టలేదు. చివరి పాట 'గ్లోరీ బాక్స్' మధ్యలో టక్కున తెగిపోయేది. అమెరికన్ గాయకుడు ఐజాక్ హేస్ పాటలోంచి తీసుకున్న ఆ బరువైన వరస తిరుగుతూ తిరుగుతూ ఉండగానే తెగిపోయేది. అక్కడితో లైటు ఆర్పేసి పడుకునేవాళ్లం. ఆ పాట చివర్లో డ్రమ్ములు అంత మొరటుగా విరుచుకుపడతాయని, ఉద్యోగంలో చేరి సీడీ కొనుక్కున్నాకే తెలిసింది. వింటూ లేచి నిలబడ్డాను.

అన్నయ్యగారిని అని ఏం లాభం, ఇంగ్లండులోనే దానికి ఇదే గతి పట్టింది. 1994 ఆగస్టు 22న వచ్చింది. సరిగ్గా వారానికి ఒయాసిస్ అనే రాక్ బ్యాండు వాళ్ల మొదటి ఆల్బమూ వచ్చింది. దేశమంతా గిటార్ల ఊపులో ఉంది. అలాంటప్పుడు బ్రిస్టల్ నుంచి వచ్చిన ఈ చీకటి పాటల్ని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. 1995లో, ఏటా అక్కడ ఒక ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ బహుమతి దీనికే ఇచ్చారు, అదే జాబితాలో ఒయాసిస్ ఉంది, బ్రిస్టల్‌వాడే అయిన ట్రిక్కీ ఉన్నాడు, పీజే హార్వీ ఉంది. బ్రిస్టల్ బ్యాండే అయిన మ్యాసివ్ అటాక్ తమ మొదటి ఆల్బమ్ రికార్డు చేసుకుంటుంటే అదే స్టూడియోలో టేపులు మార్చిన కుర్రాడు బారో. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాడు. అంతా బాగానే ఉంది. ఆ తర్వాతే జనం దాన్ని డిన్నర్ పార్టీల్లో, కాఫీ షాపుల్లో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఒంటరితనంతో నలిగిపోతున్న ఆడమనిషి గొంతుని వైను గ్లాసుల పక్కన పెట్టుకున్నారు. బారోకి అది అస్సలు గిట్టలేదు, బాహాటంగానే చెప్పాడు. విమర్శకులదీ ఇందులో పాపం ఉంది. మూడ్, వాతావరణం, పొగ, అర్ధరాత్రి అని రాసి రాసి, పాటల్ని గదికి వేసే రంగులా చేసేశారు. వాతావరణం తర్వాత సంగతి, అక్కడో మనిషి పాడుతోంది!

ఇదంతా ఇంత కోపంగా రాస్తుంటే అమ్మ గుర్తొస్తోంది. అమ్మకి పాటంటే వివిధ భారతే, అదీ వంటింటి గూట్లో, కుక్కర్ కూతల మధ్య. కూర్చుని పాట విన్న అమ్మని నేను చూడలేదు. అయినా ఏ పాటకి ఎన్ని చరణాలో తెలుసు, రేడియోలో ఒక చరణం ఎగరగొడితే కత్తిపీట మీంచి తలెత్తి "అదేంటి, అది వేయలేదేం" అనేది. మరి అమ్మది వినడం కాదా? పనిలో పడి విన్న పాటలే ఆవిడకి చివరిదాకా మిగిలాయి, ఆసుపత్రిలో కూడా అవే గొణుక్కుంది. బ్రిటన్‌లో ఆ డిన్నర్ల దగ్గర కూడా ఎవరో ఒకరు, సలాడ్ అందిస్తూనో ప్లేట్లు తీస్తూనో, ఆ గొంతు దగ్గర ఆగిపోయి ఉంటారు. లక్షల ఇళ్లకి ఆ పాటలు చేరింది ఆ దారినే. ఇవాళ వదిన కూడా వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ "ఆ పాడిందెవరు, ఏడుస్తున్నట్టుంది" అంది. కోపంలో ఉండి ఆవిడకి పేరు తప్ప ఇంకేం చెప్పలేదు. రేపు ఫోన్ చేసి 'రోడ్స్' లింకు పంపుతాను.

అయినా సౌండు తగ్గించడం మాత్రం నాకు నచ్చలేదు. అది చిన్నదానితో రేపు మాట్లాడతాను.

వాళ్ల మూడో ఆల్బమ్ 2008లో వచ్చింది, రెండోదానికీ దానికీ పదకొండేళ్లు. అందులో 'మెషీన్ గన్' డ్రమ్ములకి భోజనాల బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేరు. నాకెందుకో అది డిన్నర్ పార్టీలకి చెప్పిన జవాబులా అనిపిస్తుంది, నాకు ఇష్టం కూడా. బెత్ గిబ్బన్స్ సొంతంగా 2024లో తెచ్చిన 'లైవ్స్ అవుట్‌గ్రోన్' దారి మళ్లీ వేరు. యాభై తొమ్మిదేళ్ల వయసులో, పోయినవాళ్ల గురించీ మారిపోయే ఒంటి గురించీ పాడింది. అమ్మ పోయాక దాన్ని పూర్తిగా వినే ధైర్యం చేయలేదు. రేపు ఆయన కాకినాడ వెళ్తున్నారు, చిన్నదానికి స్కూలుంది. పదింటికి పెడతాను.