వీధి కుక్కకు కీమో, మందు బిళ్ళగన్నేరుది: నా అనుభవం

నెల్లూరు వేదాయపాళెంలో మా వీధిలో తిరిగే బుజ్జి అనే ఆడకుక్కకు క్యాన్సర్ వస్తే కీమో చేయించాం. ఇప్పుడు బాగుంది. ఎవరిని అడగాలో, ఏం చేయాలో తెలియక మేం పడిన టెన్షన్ ఇంకొకరు పడకూడదని ఇది రాస్తున్నాను. నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. బుజ్జికి ఎక్కించిన మందు విన్‌క్రిస్టిన్. మన గుమ్మాల ముందు పూసే బిళ్ళగన్నేరు ఆకులోంచి వచ్చేదే. ఏళ్ల తరబడి పాఠంలో చెబుతున్న మందే అయినా, దాన్ని సిరంజిలో చూడటం మాత్రం అదే మొదలు.

ముందుగా గేటు దగ్గర రక్తపు చుక్కలు కనిపించాయి. ఎదకొచ్చిందిలే అన్నారు అందరూ. ఎద రక్తమైతే రెండు మూడు వారాల్లో ఆగిపోతుంది. ఇది ఆగలేదు, పైగా ఈగలు ముసురుతున్నాయి. తోక పక్కకు జరిపి చూస్తే జననాంగం దగ్గర కాలీఫ్లవర్ మాదిరిగా ఎర్రటి కండ. కాస్త తగిలితే చాలు, రక్తం కారుతోంది. మొదట తీసుకెళ్లిన చోట, వీధి కుక్కకు ఇదంతా ఎందుకు, ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చేద్దాం అన్నారు. నాకు మనసొప్పలేదు. తెలిసినవాళ్లు చెబితే ఇంకో పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

ఆవిడ ఆ కండకు గాజు పలక అద్ది, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. నన్నూ చూడమన్నారు. గుండ్రటి కణాలు, ఒక్కో కణం లోపల అంచు వెంబడి చిన్న చిన్న ఖాళీ బుడగలు. "టీవీటీ అండీ, దీనికి మందుంది" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఊపిరాడింది.

టీవీటీ కుక్క నుంచి కుక్కకు అంటుకునే క్యాన్సర్. దీన్ని అంటించేది వైరస్ కాదు. క్యాన్సర్ కణాలే జతకట్టినప్పుడో, నాకినప్పుడో ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు చేరి అక్కడ పెరుగుతాయి. ఈ క్యాన్సర్‌ను ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు ఎక్కించవచ్చని రష్యా పశువైద్యుడు నొవిన్‌స్కీ 1876లోనే చేసి చూపించాడు. మామూలు కుక్క కణంలో 78 క్రోమోజోములుంటాయి, ఈ కణాల్లో దాదాపు 60 మాత్రమే. ఎన్నో వేల ఏళ్ల కిందట ఒకే ఒక్క కుక్కలో పుట్టిన క్యాన్సర్ ఇలా ఒంటి నుంచి ఒంటికి దాటుకుంటూ ఇప్పటికీ బతికే ఉందని జన్యు పరిశోధనల్లో తేలింది. మనుషులకు అంటుకోదు. వీధిలో పిల్లలున్న ఇళ్లవాళ్లకు ముందు ఈ మాటే చెప్పాల్సి వచ్చింది.

వెంటనే ఇంజెక్షన్ వేస్తారనుకున్నాను. రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నాయి. పిడుదుల జ్వరం. వీధి కుక్కల్లో ఇది మామూలే. ముందు దానికి డాక్సీసైక్లిన్ మాత్రలు వాడి, ప్లేట్‌లెట్లు పెరిగాకే కీమో మొదలుపెడదామన్నారు డాక్టరమ్మ. మాత్రను పెరుగన్నంలో పెడితే అన్నం తిని మాత్ర వదిలేసేది. ఉడికించిన కోడి కాలేయంలో పెడితే మింగింది.

ఆ రోజుల్లోనే పక్కింటి అత్త అడిగింది. "ఆ ఆకు మన గోడ పక్కనే ఉండాది గదమ్మా, నాలుగాకులు నూరి పోస్తే పోలా? ఇంజెక్షన్లెందుకు?" ఆవిడొక్కతే కాదు, చదువుకున్నవాళ్లూ అదే అడిగారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు, మందు వచ్చింది ఆ ఆకులోంచే కాబట్టి. 1950ల్లో కెనడాలో పరిశోధకుడు రాబర్ట్ నోబుల్‌కు ఈ ఆకులు జమైకా నుంచి చేరాయి. అక్కడివాళ్లు షుగర్ తగ్గడానికి వాటి కషాయం తాగేవాళ్లట. ఎలుకల మీద చూస్తే షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాలను పడగొట్టేదేదో రక్త క్యాన్సర్ మీద పనిచేయవచ్చు కదా అన్న ఆలోచనతో ఆయన, రసాయన శాస్త్రజ్ఞుడు చార్లెస్ బీర్ కలిసి ఆ ఆకులోంచి ఇంకో క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశారు. ఆ వెనకే ఇలై లిల్లీ కంపెనీ శాస్త్రజ్ఞులు విన్‌క్రిస్టిన్ తీశారు. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఈ రోజుకూ అది ముఖ్యమైన మందు.

అయితే ఆకులో ఉన్నది విన్‌క్రిస్టిన్ ఒక్కటే కాదు. వందకు పైగా ఆల్కలాయిడ్లున్నాయి, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే మొక్క రసాయనాలు. ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి వందల కిలోల ఎండు ఆకు కావాలని లెక్క చెబుతారు. అంటే నాలుగాకుల్లో మందు అందదు, మిగతా ఆల్కలాయిడ్లు మాత్రం లోపలికి పోతాయి. అది గన్నేరు కుటుంబపు మొక్క, మేకలు కూడా ముట్టవు. అత్తకు ఇదంతా చెప్పాక, బుజ్జి బరువు ఎలా తూచామో కూడా చెప్పాను. దాన్ని ఎత్తుకుని మిషన్ ఎక్కి, ఆ అంకెలోంచి నా బరువు తీసేశాం. 14 కిలోలు వచ్చింది. కిలోకు 0.025 మిల్లీగ్రాముల లెక్కన 0.35 మిల్లీగ్రాములు. సీసాలో ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటుంది, అంటే బుజ్జికి కావలసింది మిల్లీలీటరులో మూడో వంతుకు కాస్త పైన. అంత కొలతగా ఇవ్వాల్సిన మందు. కాస్త ఎక్కువైతే నరాలు దెబ్బతింటాయి, ఎముక మజ్జ కుంగిపోతుంది. "ఆకు నూరితే ఇదెట్టా కొలుస్తాం" అని అత్తే అనేసింది.

మందు మామూలు మెడికల్ షాపుల్లో దొరకలేదు. క్యాన్సర్ మందులు అమ్మే షాపులో, డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూపించాక ఇచ్చారు. భయపడినంత ఖరీదు కాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. అందుకే ఐస్ ప్యాక్‌కు గుడ్డ చుట్టి డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. నా ముందు నిలబడిన ఒకాయన చీటీలోనూ అదే మందు. ఆయన కొడుక్కట. కుక్క కోసం వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు, ఆయనే అడిగితే చెప్పాను. "తగ్గుతుందిలేమ్మా" అన్నాడు.

ఇంజెక్షన్ ఇచ్చే తీరు దగ్గరుండి చూశాను. ముంగాలి రక్తనాళంలోకి క్యాన్యులా అనే సన్నటి గొట్టం పెట్టి, ముందు ఉత్త సెలైన్ ఎక్కించారు. చర్మం కింద ఉబ్బడం లేదని వేలితో తడిమి చూసుకున్నాకే మందు, ఆ తర్వాత మళ్లీ సెలైన్. ఈ మందు రక్తనాళం దాటి బయటికి వస్తే అక్కడి కండ కుళ్లిపోతుంది. అందుకే బుజ్జి తలను నేను, నడుమును మా అబ్బాయి కదలకుండా పట్టుకున్నాం. అందరం గ్లోవ్స్ వేసుకున్నాం.

మందు లోపల చేసే పని మాత్రం నాకు బాగా తెలిసినదే. కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములను చెరో వైపుకూ లాగే కండె తంతువులుంటాయి. విన్‌క్రిస్టిన్ వాటిని ఏర్పడనివ్వదు. విభజన మధ్యలోనే ఆగి కణం చచ్చిపోతుంది. ఉల్లి వేరు కొనల స్లైడ్లతో పిల్లలకు నేను చూపించే విభజనే ఇది.

మామూలుగా వారానికొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు డోసులు పడతాయి. తొలి డోసు తర్వాత బుజ్జి వాంతి చేసుకుంది, అన్నం ముట్టలేదు. కానీ రక్తం కారడం తగ్గింది. రెండో డోసుకు కండ సగానికి పైగా కుంచించుకుపోయింది. ఆ తర్వాత రక్తపరీక్షలో తెల్లకణాలు 4000 కంటే కిందికి వచ్చేసరికి డాక్టరమ్మ డోసు వాయిదా వేశారు. అన్నిటికంటే నేను ఎక్కువ భయపడింది ఆ వారమే. మధ్యలో ఆపితే మళ్లీ పెరుగుతుందేమోనని. తెల్లకణాలు కోలుకున్నాకే మళ్లీ ఎక్కించారు. ఈ ఓపిక లేకపోతే కుక్క క్యాన్సర్‌తో కాదు, ఇన్‌ఫెక్షన్‌తో పోతుంది. ఇంజెక్షన్ అయిన ప్రతిసారీ కొన్నాళ్లు దాన్ని మా పెరట్లోనే ఉంచి, మలమూత్రాలు గ్లోవ్స్‌తో తీసి నీళ్లు బాగా పోసి కడిగేవాళ్లం. చిన్నపిల్లలను అటు రానిచ్చేవాళ్లం కాదు.

కండ పూర్తిగా పోయాక ఇంకో డోసు ఇచ్చి ఆపారు. రక్తం కుదుటపడ్డాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. మీ వీధిలో ఏ కుక్కకైనా ఎద దాటాక కూడా రక్తం కారుతుంటే, మగ కుక్క అదేపనిగా అక్కడ నాక్కుంటూ ఉంటే, స్మియర్, అంటే కండకు గాజు పలక అద్ది మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష, చేయమని డాక్టరును అడగండి. మా వీధి మగ కుక్కల్లో ఒకదానికి ఇదే ఉందని తేలింది. దాని రక్తపరీక్ష రిపోర్టు కోసం చూస్తున్నాం.