పది గజాలు రోడ్డు తినేసింది: ఇంటి ప్లానుతో నా అనుభవం

ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాగితం అన్నీ వారంలో చేతికొచ్చాయి. వాటి గురించి చెప్పడానికేం లేదు. ఏడిపించిందంతా రోడ్డే.

హైదరాబాద్ శివార్లో పాత వెంచర్‌లో 200 గజాల తూర్పు ముఖం ప్లాటు. రోడ్డు వైపు 40 అడుగులు, లోతు 45. డాక్యుమెంటు షెడ్యూల్లో తూర్పు హద్దు ‘30 అడుగుల రోడ్డు’ అని ఉంది. ప్లాను గీసిన మహానుభావుడు సైటు ముఖం చూడకుండా ఆ 30నే ఎక్కించాడు. 600 గజాల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే ఆన్‌లైన్‌లో సొంత ధ్రువీకరణ మీదే అనుమతి వచ్చేస్తుంది. నాకూ వచ్చింది. ఆ కాగితం ఫొటో చుట్టాలందరికీ పంపాను కూడా.

తర్వాత అధికారులు తనిఖీకి వచ్చి టేపు పట్టారు. గోడ నుంచి గోడకి 25 అడుగులు. ఆఫీసుకెళ్లి డాక్యుమెంటు చూపిస్తే అక్కడి సారు, “కాయితంలో 30 ఉంటే కార్లు కాయితం మీద తిరుగుతాయా?” అన్నాడు. వరుసలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు. ఎదురు వరసవాళ్లు ప్రహరీలు ముందుకు జరుపుకుంటే నేను వెనక్కి జరగాలట! అడిగితే, “వాళ్లు కొత్తగా కట్టేటప్పుడు వాళ్ల దగ్గరా తీసుకుంటాం” అన్నాడు. ఆ ఇళ్లు ఇంకో నలభై ఏళ్లు కదలవు.

లెక్క ఇది. రోడ్డు కనీసం 9 మీటర్లుండాలి, అంటే మధ్య గీత నుంచి మన వైపు 4.5 మీటర్లు, 14 అడుగుల 9 అంగుళాలు. ఉన్నది పన్నెండున్నర. తేడా 2 అడుగుల 3 అంగుళాలు. 40 అడుగుల ముఖానికి అది 90 చదరపు అడుగులు, సరిగ్గా 10 గజాలు. ఆ ముక్కను గిఫ్ట్ డీడ్ రాసి ఉచితంగా ఇవ్వాలి. బదులుగా టీడీఆర్ (ఇచ్చిన స్థలానికి బదులు దక్కే, అమ్ముకోగల నిర్మాణ హక్కు) గానీ సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో) సడలింపు గానీ అడగొచ్చు. ఆ మాట మనం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

అసలు దెబ్బ సెట్‌బ్యాక్ దగ్గర. ముందు వదలాల్సిన 1.5 మీటర్లు ఈ కొత్త గీత నుంచే లెక్క. మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదిలితే, కట్టుకోడానికి మిగిలింది సుమారు 33½ × 34½ అడుగులు. పాత ప్లాను లోతు దాదాపు 37. గోడలు జరిపితే సరిపోదు, పిల్లర్ల గ్రిడ్డే మారిపోతుంది. స్ట్రక్చరల్ డ్రాయింగులకి రెండోసారి డబ్బు కట్టాను.

తగ్గిన లోతును మెట్లలో సర్దుతానన్నాడు ఇంజినీరు. ఒప్పుకోకండి. అంతస్తు ఎత్తు 10½ అడుగులైతే మెట్టుకి 7 అంగుళాల చొప్పున 18 ఎత్తులు. రెండు వరసల్లో వరసకి 8 అడుగుపలకలు (కాలు పెట్టే పలకలు), 10 అంగుళాలవి. రెండు చివరలా మూడున్నర అడుగుల ల్యాండింగ్ కలిపితే పొడవు 13 అడుగుల 8 అంగుళాలు. పలక 9 అంగుళాలు చేస్తే మిగిలేది 8 అంగుళాలే, దానికి మా అమ్మ మోకాళ్లు బలి. వాస్తు ఆయన బేసి మెట్లన్నాడు, 19 చేశాం, ఎత్తు ఇంకాస్త తగ్గి మంచిదే అయింది. కోత హాలుకి పడింది.

ఈశాన్యం సంపు కూడా చూసుకోండి. ముందు సెట్‌బ్యాక్ అయిదడుగులే. అంచు పిల్లర్ల ఫుటింగులు (పునాది దిమ్మెలు) అందులోకి రెండడుగులు పొడుచుకొస్తాయి. సంపు స్ట్రక్చరల్ డ్రాయింగులో లేకపోతే తవ్వేటప్పుడు రెండూ గుద్దుకుంటాయి. మాది పోర్టికో కిందికి జరిపాం. లోపలి కొలత 3½ × 8½ × 6 అడుగులు, 5,000 లీటర్లు.

ప్లాటు కొన్నవాళ్లెవరైనా ముందు చేయాల్సింది ఒకటే. పొద్దున్నే కార్లు తీయకముందు వెళ్లి, రోడ్డును మన ప్లాటు రెండు మూలల దగ్గరా గోడ నుంచి గోడకి కొలవండి. మాకు రెండో మూల దగ్గర మరో 4 అంగుళాలు తక్కువుంది. కొత్త ప్లాను దాని ప్రకారమే, కాస్త వంకరగా ఉంది. గిఫ్ట్ డీడ్ రిజిస్ట్రేషన్ సోమవారం.