వైఫై గీతలు నిండుగా ఉన్నా నెట్ రాలేదు: రూటర్‌తో నా అనుభవం

ఫోన్లో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, కింద మాత్రం ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అని ఉంది. ఆ గీతలు చెప్పేది ఫోనుకీ రూటర్‌కీ మధ్య సంగతి మాత్రమే. రూటర్ దాటాక ఏం జరుగుతోందో వాటికి తెలియదు. కాబట్టి ఫోన్‌ను పక్కన పెట్టేసి, గోడలోంచి ఫైబర్ వచ్చే చోటు నుంచి మొదలుపెట్టాను.

నా అమరిక ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నదే. స్తంభం మీంచి వచ్చిన ఫైబర్ ఓఎన్‌యూ అనే డబ్బాలో దిగుతుంది. కేబుల్ వాళ్లు దాన్నే మోడెం అంటారు. అక్కణ్నుంచి ఒక ల్యాన్ కేబుల్ నా సొంత రూటర్ వాన్ పోర్టులోకి, అంటే బయటి లైన్ కలిపే చోటుకి, వెళ్తుంది. ఓఎన్‌యూ బ్రిడ్జ్ మోడ్‌లో ఉంది. అంటే కాంతిగా వచ్చిన డేటాను ల్యాన్ కేబుల్‌లోకి మార్చి పంపడమే దాని పని. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌తో కంపెనీ సర్వర్లోకి లాగిన్ చేసేది రూటర్. ఆ లాగిన్ పద్ధతి పేరు పీపీపీఓఈ.

ముందు ఓఎన్‌యూ లైట్లు చూశాను. పవర్ వెలుగుతోంది, అవతలి ఆఫీసుతో కలిసిందో లేదో చెప్పే పాన్ లైటు ఆకుపచ్చగా నిలకడగా ఉంది, కాంతి రాకపోతే హెచ్చరించే ఎల్ఓఎస్ లైటు ఆరిపోయి ఉంది. ఎల్ఓఎస్ ఆరి ఉండటమే మంచిది. అది ఎర్రగా కొట్టుకుంటే కాంతి డబ్బా దాకా రావడం లేదన్నమాట. పాన్ ఆగకుండా మిణుకుమంటుంటే కాంతి వస్తోంది గానీ, అవతలి ఆఫీసులోని యంత్రం ఈ డబ్బాను ఇంకా చేర్చుకోలేదని అర్థం. ఎర్ర లైటు వస్తే ఇంట్లో చూడదగ్గవి రెండే. గోడ నుంచి డబ్బాకి వచ్చే సన్నటి ఫైబర్ తీగ (ప్యాచ్ కార్డు) బీరువా వెనకో తలుపు సందులోనో నలిగిందా, డబ్బాలో దాని పిన్ను పూర్తిగా కూర్చుందా అని. ఆకుపచ్చ పిన్ను కొస 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది, నీలం పిన్నుకు ఆ వాలు ఉండదు. ఒకదాని చోట ఇంకొకటి దూరుతుంది గానీ మధ్యలో కాంతి బాగా నష్టపోతుంది. పిన్ను బయటికి తీసినప్పుడు దాని కొసలోకి కన్ను పెట్టి చూడకూడదు. అందులోంచి వచ్చే 1490 నానోమీటర్ల కాంతి మన కంటికి కనిపించదు, కానీ కంట్లో పడుతుంది. తీగ వీధిలో తెగి ఉంటే అది స్ప్లైసింగ్ మెషీన్‌తో అతికే పని, కేబుల్ ఆయన రావాల్సిందే.

పాన్ పచ్చగా ఉందని ఊరుకోకుండా కాంతి బలం కూడా చూశాను. రూటర్‌ను తప్పించి ల్యాప్‌టాప్‌ను నేరుగా ఓఎన్‌యూకి కలిపి, ల్యాప్‌టాప్‌కి ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) 192.168.1.10 అని, సబ్‌నెట్ మాస్క్ అనే గడిలో 255.255.255.0 అని చేత్తో ఇచ్చి, బ్రౌజర్లో 192.168.1.1 తెరిస్తే ఆప్టికల్ ఇన్ఫర్మేషన్ అనే పేజీ ఉంటుంది. అక్కడ ఆర్ఎక్స్ పవర్, అంటే డబ్బాకి అందుతున్న కాంతి బలం, -22.4 డీబీఎం అని ఉంది. జీపాన్ అనే ఫైబర్ పద్ధతి డబ్బాలు మామూలుగా -8 నుంచి -27 మధ్య పనిచేస్తాయి. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గుతున్నట్టు, 3 తేడా వస్తే సగానికి పడిపోయినట్టు. కనక -26 కనిపిస్తే నెట్ ప్రస్తుతానికి వస్తున్నా, అంచు మీద నడుస్తోందనే. -22.4 భేషైన అంకె. ఫైబర్‌లో దోషం లేదని తేలింది.

ఇక రూటర్ వంతు. కేబుల్ మళ్లీ పెట్టాను, వాన్ లైటు వెలిగింది. ఫోన్‌కి 192.168.0.105 అనే ఐపీ వచ్చింది, అంటే రూటర్ తన ఇంటిపని తాను చేస్తోంది. ఇక్కడ 169.254తో మొదలయ్యే అంకె వచ్చి ఉంటే రూటర్ ఐపీ ఇవ్వలేదని, గొడవ ఇంట్లోనే ఉందని తెలిసేది. 192.168.0.1లోకి వెళ్లి స్టేటస్ చూస్తే వాన్ ఐపీ 0.0.0.0. లైన్ అవతలితో మాట కలవలేదు. ఎందుకు కలవలేదో చెప్పేది సిస్టమ్ లాగ్, అంటే రూటర్ తాను చేసిన పనులు రాసుకునే చిట్టా. చాలామంది ఈ పేజీ తెరవకుండానే రీసెట్ పిన్ను వెతుక్కుంటారు.

పీపీపీఓఈ మొదట ‘ఎవరైనా ఉన్నారా’ అని లైన్లోకి ఒక కేక వేస్తుంది. దాని పేరు పాడి (ఆవుల సంగతి కాదు). అవతలి సర్వర్ ‘ఉన్నాను’ అంటే అది పాడో. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌ల మాట ఆ తర్వాతే వస్తుంది. నా లాగ్‌లో వరసగా పాడి పంపినట్టు ఉంది, ఒక్క పాడో కూడా లేదు. అంటే పాస్‌వర్డ్‌ను అనుమానించడం శుద్ధ దండగ, దాన్ని అడిగే దాకా కథ రాలేదు. లాగ్‌లో అథెంటికేషన్ ఫెయిల్డ్ అని ఉంటే దారి వేరు: బిల్లు గడువు దాటి ఉండవచ్చు, పాస్‌వర్డ్‌లో అక్షరం తప్పి ఉండవచ్చు, పాత సెషన్ సర్వర్లో ఇంకా తెగక ఉండవచ్చు. సెషన్ తెగకపోతే రూటర్‌ను పది పదిహేను నిమిషాలు ఆపి ఉంచి మళ్లీ ఆన్ చేయాలి. కొత్త రూటర్ కొన్నవాళ్లకైతే పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌కే (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) లైన్ కట్టేసి ఉండటం ఇంకో కారణం. అప్పుడు పాత మ్యాక్‌నే కొత్త రూటర్‌లో పెట్టాలి (మ్యాక్ క్లోన్), లేదా ఫోన్ చేసి కొత్త మ్యాక్ చెప్పాలి.

ఫైబర్ బాగుంది, కేబుల్ లైటు వెలుగుతోంది, అయినా పాడో రాలేదంటే మధ్యలో కేక ఎక్కడో ఆగిపోతోంది. ఓఎన్‌యూ వెనక్కి తిప్పి చూస్తే కేబుల్ ల్యాన్ 2లో ఉంది. దుమ్ము దులిపేటప్పుడు నేనే తీసి పెట్టాను. చాలా ఓఎన్‌యూలలో బ్రిడ్జ్ కనెక్షన్‌ను ల్యాన్ 1కి మాత్రమే కట్టి ఇస్తారు. మిగతా పోర్టుల్లో కేబుల్ పెట్టినా లైటు వెలుగుతుంది, ఆ లైటుకు కేబుల్ బాగుందా లేదా అన్నంత వరకే పని. కేబుల్ ల్యాన్ 1కి మార్చగానే లాగ్‌లో పాడో కనిపించింది, లాగిన్ అయింది, వాన్ ఐపీ 100.72తో మొదలైంది. అది చూసి కంగారు పడక్కర్లేదు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి కంపెనీలు చాలామంది వినియోగదార్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ పంచేందుకు వాడే అంకెలు. ఇంట్లోని సీసీ కెమెరాను బయటి నుంచి నేరుగా చూడాలనుకున్నప్పుడు తప్ప వాటితో చిక్కు లేదు.

ఇరవై నిమిషాల్లో నెట్ మళ్లీ పోయింది.

ఈసారి ఓఎన్‌యూ ముందే కూర్చుని కనిపెట్టాను. లైట్లన్నీ ఒక్కసారి ఆరి, అన్నీ ఒక్కసారే వెలిగి, తర్వాత పాన్ మిణుకుమని నిలకడ పడింది. కాంతి తగ్గితే పాన్, ఎల్ఓఎస్‌లే మారతాయి, పవర్ లైటుకు ఏమీ కాదు. అన్నీ కలిసి ఆరాయంటే డబ్బా రీస్టార్ట్ అవుతోంది. దాని పేజీలో సిస్టమ్ అప్‌టైమ్, అంటే ఆన్ అయి ఎంతసేపైందో చెప్పే అంకె, 4 నిమిషాలే ఉండటంతో సందేహం తీరిపోయింది. ఇలా మాటిమాటికీ రీస్టార్ట్ అయితే మొదట అనుమానించాల్సింది అడాప్టర్‌నే.

దాని మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. మల్టీమీటర్ పెడితే 12.1 చూపించింది. ఇక్కడే మోసపోతాం. భారం లేనప్పుడు చచ్చిపోతున్న అడాప్టర్ కూడా నిండుగా చూపిస్తుంది. సీసీ కెమెరాల షాపులో స్క్రూలతో బిగించే డీసీ పిన్నులు దొరుకుతాయి, మగది ఒకటి, ఆడది ఒకటి. వాటిని అడాప్టర్‌కీ డబ్బాకీ మధ్య కలిపి, డబ్బా నడుస్తుండగా స్క్రూల దగ్గర కొలిస్తే 10.4, ఒక్కోసారి 9.6. రోగం బయటపడింది.

అదే షాపులో 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ తెచ్చాను. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, డబ్బా తనకు కావలసినంతే లాగుతుంది. వోల్టులు మాత్రం సరిగ్గా అవే ఉండాలి. పిన్ను మధ్యలో ప్లస్ ఉందో లేదో అడాప్టర్ మీది బొమ్మలో చూసుకోవాలి. పిన్ను లోపలి రంధ్రం 2.1, 2.5 మిల్లీమీటర్లని రెండు రకాలుంటాయి. 2.1 కావలసిన చోట 2.5 పెడితే దూరుతుంది గానీ వదులుగా ఊగుతుంది, మళ్లీ ఇదే జబ్బు. పక్కనున్న రూటర్ 9 వోల్టుల అడాప్టర్‌ను ఓఎన్‌యూకి పెట్టి చూడటం కూడా పనికిరాదు. లైటు వెలగొచ్చు, డబ్బా నిలవదు. కొత్తది పెట్టాక నడుస్తుండగా 11.9 వచ్చింది.

ఈ మొత్తంలో ఓఎన్‌యూ రీసెట్ బటన్ జోలికి వెళ్లలేదు. సొంత రూటర్‌ను రీసెట్ చేస్తే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టుకుంటే చాలు. ఓఎన్‌యూలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కితే కేబుల్ వాళ్లు లైన్ కోసం పెట్టిన వీల్యాన్ అనే నంబరు, బ్రిడ్జ్ అమరిక కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు వాళ్లు వచ్చి పెట్టేదాకా నెట్ లేనట్టే.

పాత అడాప్టర్ విప్పి చూస్తే 16 వోల్టుల కెపాసిటర్ ఒకటి తల ఉబ్బి ఉంది. దాన్ని మార్చితే అడాప్టర్ బతుకుతుంది గానీ, కరెంటు వచ్చే వైపు పెద్ద కెపాసిటర్లో ప్లగ్ తీశాక కూడా 300 వోల్టుల పైచిలుకు నిలిచి ఉండొచ్చు. అలవాటు లేని చేత్తో ముట్టుకోవద్దు. ఓఎన్‌యూ మీద మాత్రం ‘ల్యాన్ 1 మాత్రమే, -22.4’ అని రాసిన చీటీ అంటించాను.