ఈసారి కార్డు పాయింట్లు వాడేశాను

ఆదివారం, రాత్రి

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక నెల లెక్కలు ముందేసుకున్నాను. కరెంటు బిల్లు, పాల పైసలు, అత్తమ్మ చిట్టీ, అన్నీ అయ్యాక క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్. కార్డుతో ఖర్చు పెట్టినందుకు బ్యాంకు ఇచ్చే రివార్డు పాయింట్లు 4,600 ఉన్నాయట. వాటిని గిఫ్టులుగానో, బిల్లులో తగ్గింపుగానో మార్చుకోవచ్చు. అందులో 1,400కు ఈ నెలాఖరుతో గడువు తీరిపోతుంది.

మా ఆయన మాట ఎప్పుడూ ఒకటే. "ఇప్పుడే ఎందుకు? ఇంకా జమ కానియ్యి. తిరుపతికి ఫ్లైట్‌లో పోదాం." ఆ ఆశను నేను కాదనను. కొన్ని కార్డుల్లో పాయింట్లను విమానం టికెట్లకు వాడితే విలువ ఎక్కువే వస్తుంది. మా కార్డుకు ఆ సౌకర్యం లేదు. ఎలా మార్చినా పాయింటుకు 25 పైసలే. పైగా నల్లగొండ స్టేషన్‌లో నారాయణాద్రి రైలు ఎక్కితే తెల్లారేసరికి తిరుపతి. శంషాబాద్ దాకా పోయి విమానం ఎక్కే పని మాకు ఎప్పుడు పడాలి?

నాకు బాధ అనిపించేది పాయింట్లను పొదుపు అనుకోవడం. బ్యాంకులో వెయ్యి రూపాయలు ఉంటే ఎంతో కొంత వడ్డీ వస్తుంది. పాయింట్లు ఎన్నాళ్లున్నా ఒక్క పైసా పెరగవు. గడువు దాటితే పోతాయి. ఈలోగా బ్యాంకు నిబంధన మార్చి పాయింటు విలువ తగ్గించినా మనం చేయగలిగేది ఏమీ లేదు.

అలాగని ప్రతి నెలా మార్చుకోవడమూ దండగే. మా కార్డులో పాయింట్లు మార్చుకున్న ప్రతిసారీ 99 రూపాయల ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే దాదాపు 117. నెలకు వచ్చే 600 పాయింట్లను అప్పటికప్పుడు మార్చితే 150 రూపాయల్లో చేతికి మిగిలేది 33. ఇప్పుడు 4,600 ఒకేసారి మార్చితే 1,150లో అదే 117 పోయి 1,033 మిగులుతుంది. గడువు దగ్గరపడే దాకా ఆగి, అది దాటకముందే ఒకేసారి తీయడం మా ఇంటికి సరిపోయే పద్ధతి. మా ఇంట్లో ఉన్న రెండో కార్డుతో ఈ తలనొప్పి లేదు. పాయింట్లకు బదులు ఖర్చులో కొంత తిరిగిచ్చే క్యాష్‌బ్యాక్ దానంతటదే బిల్లులో తగ్గుతుంది.

యాప్ తెరవగానే ముందు కనిపించేది గిఫ్టుల పేజీ. మిక్సీ 12,000 పాయింట్లు, అంటే 3,000 రూపాయలు. అదే మిక్సీ ప్రకాశం బజార్‌లో 2,600కు ఇస్తామన్నారు. బిల్లులో తగ్గించుకునే ఆప్షన్ మాత్రం ఆ పేజీలన్నీ దాటాక అడుగున ఉంది. ఓపిక లేనివాళ్లు మిక్సీ దగ్గరే ఆగిపోతారు.

పాయింట్లు బిల్లులో జమైనా మా కార్డులో దాన్ని మనం కట్టిన డబ్బుగా లెక్కేయరు. కనీసం కట్టాల్సిన మొత్తం గడువులోపు విడిగా కట్టాల్సిందే. అసలు నేను పూర్తి బిల్లు కట్టకుండా ఏ నెలా వదలను. 30,000 బాకీ ఒక్క నెల ఉంచితే 3.5 శాతం చొప్పున వడ్డీ 1,050, జీఎస్టీతో 1,239. ఇన్ని నెలల పాయింట్లన్నీ కలిపినా అంత రావు. అందుకే పాయింట్ల కోసం అవసరం లేనిది కొందామని ఎవరన్నా ఒప్పుకోను.

సాయంత్రం చాయ్ తాగుతూ అత్తమ్మ అడిగింది: "మరి ఆ పైసలు ఏడున్నయ్ బిడ్డా?" చేతికి రావు, బిల్లులో తగ్గుతాయని చెప్పాను. "తగ్గితే ఏం లాభం, ఇంకో దాంట్ల ఖర్చయితయ్ గదా" అంది. పాతికేళ్లుగా చిట్టీలు కట్టిన మనిషి, విషయం వెంటనే పట్టుకుంది. బిల్లు తగ్గినంత మాత్రాన ఆ డబ్బు మిగిలినట్టు కాదు. ఆ వెయ్యి కూరగాయల్లోనో, పిల్లల చిరుతిళ్లలోనో తెలియకుండానే కలిసిపోతుంది.

అందుకే పాయింట్లు మార్చిన వెంటనే 1,033 రూపాయలు నా జీతం ఖాతాలోంచి పోస్టాఫీసు ఖాతాకు పంపేశాను. తిరుపతి ప్రయాణానికని విడిగా పెట్టుకున్న ఖాతా అది. మా ఆయనకు ఫోన్‌లో బ్యాలెన్స్ చూపించాను. కాసేపు చూసి, "అయితే నారాయణాద్రిలో ఏసీ బెర్తులు బుక్ చెయ్యి" అన్నారు. సంక్రాంతి సెలవులకు ఇప్పటి నుంచే చూడాలి, ఆ రోజుల్లో టికెట్లు ఊరికే దొరకవు.