ఓడ ప్రయాణంలో పిల్లోళ్ల చేతి ఖర్చుకు కళ్ళెం

తిరుమలలో బొమ్మల అంగడి ముందు పిల్లోడి చేతికి నూరు రూపాయల నోటు ఇస్తే, అది అయిపోగానే వాడి బేరం కూడా అయిపోతుంది. ఓడలో ఆ నోటు కనిపించదు. ఎక్కే రోజు ప్రతి మనిషికీ, ఆరేళ్ల పాపకు కూడా, ఒక ప్లాస్టిక్ కార్డు చేతికిస్తారు. రాయల్ కరీబియన్ అనే విహార ఓడల కంపెనీ దాన్ని సీపాస్ అంటుంది, కార్నివాల్ అనే మరో కంపెనీ సెయిల్ అండ్ సైన్ అంటుంది. గదికి తాళం అదే, రేవులో దిగి మళ్ళీ ఎక్కేటప్పుడు గుర్తింపు అదే, పర్సూ అదే. చాక్లెట్ అంగట్లో ఆ కార్డు చూపిస్తే బిల్లు నేరుగా నాన్న క్రెడిట్ కార్డు మీద పడుతుంది. తాళం కూడా అదే కాబట్టి పిల్లల దగ్గర లాక్కుని దాచేద్దామన్నా కుదరదు.

అందుకే పని కార్డు దగ్గర కాదు, దాని వెనకున్న ఖాతా దగ్గర జరగాలి. ఓడ ఎక్కిన రోజే, పిల్లోళ్లు ఈత కొలను వైపు పరిగెత్తక ముందే, ప్రయాణికుల ఖాతాలు చూసే గెస్ట్ సర్వీసెస్ కౌంటరుకు వెళ్ళండి. సాయంత్రమైతే అక్కడ వరుస పెరుగుతుంది, చివరి రాత్రి అయితే చెప్పనక్కర్లేదు. అక్కడ మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. పిల్లల కార్డు మీద కొనే వీలు పూర్తిగా ఆపగలరా? ఆపకుండా ఇంత వరకే అని హద్దు పెట్టగలరా? ఆ హద్దు రోజుకా, మొత్తం ప్రయాణానికా? ఎక్కువమంది పప్పులో కాలేసేది మూడో ప్రశ్న అడక్కపోవడం వల్లే. మనం మొత్తం ప్రయాణానికి 40 డాలర్లు అనుకుంటాం, వాళ్ళు రోజుకు 40 అని రాసుకుంటారు. నాలుగు రోజుల ప్రయాణంలో అది 160 డాలర్లు. చెప్పింది కంప్యూటర్లోకి ఎక్కిందో లేదో కౌంటరు దగ్గరే నిలబడి చదివించుకోండి. కొనే వీలు ఆపినా గది తలుపు తెరుచుకుంటుంది, రేవులో గుర్తింపూ పనిచేస్తుంది, కాబట్టి భయం లేదు.

వీడియో గేముల గది సంగతి మాత్రం వేరుగా అడగాలి. చాలా ఓడల్లో అక్కడి మిషన్లకు ఇదే కార్డు గీకుతారు. ఒక ఆట రెండు డాలర్లు అనుకున్నా, పట్టుకుడు మిషన్ దగ్గర పావుగంటలో పది సార్లు గీకడం పన్నెండేళ్ల పిల్లోడికి పెద్ద కష్టం కాదు. బొమ్మను పంజాతో పట్టి జారవిడిచే మిషన్ అది, జారినప్పుడల్లా ‘ఇంకొక్కసారి’ అనిపిస్తుంది. 20 డాలర్లు పోయాక చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. గేముల గదికి ఆ ఓడలో వేరే హద్దు పెట్టే వీలుందా, కార్డులోకి ఎక్కించి వాడని సొమ్ము తిరిగి వస్తుందా అని అడిగి తెలుసుకోండి. గేముల గదిని పూర్తిగా మూసేసి, మిగతా చోట్ల కొంచెం వదులు ఇవ్వడం మేలని మా అభిప్రాయం. దుకాణంలో కొన్న బొమ్మ ఇంటికైనా వస్తుంది.

హద్దు కన్నా శుభ్రమైన దారి ఒకటుంది. నగదు తీసుకుని ఖాతాలో జమచేసే ఓడల్లో, పిల్లవాడి పేరున ఉన్న ఖాతాను మీ కార్డు నుంచి విడదీయించి, అందులో 30 డాలర్లో 50 డాలర్లో నగదుగా కట్టేయండి. ఖాతాలో ఉన్నంతే ఖర్చవుతుంది, మీ క్రెడిట్ కార్డుకు పాకదు. మిగిలింది దిగే ముందు కౌంటరులో అడిగితే తిరిగి ఇస్తారు. అవ్వా తాతా ప్రయాణానికి ముందు చేతిలో పెట్టిన డబ్బులను ఇలా మార్చి ఇస్తే వాళ్ళ మాటా నిలుస్తుంది, పిల్లలకు లెక్కా తెలుస్తుంది. పదేళ్ల లోపు వాళ్ళకు ఇది కూడా అక్కర్లేదు, కొనే వీలు ఆపేయడమే నయం. పదమూడు దాటిన వాళ్ళకు మాత్రం రోజు లెక్కన కాకుండా మొత్తం ప్రయాణానికి ఒకే మొత్తం ఇవ్వాలి. మొదటి రోజే అంతా పోగొట్టుకుంటే పోగొట్టుకోనీండి, మళ్ళీ నింపొద్దు.

మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు చెన్నై దాకా బస్సులోనో రైల్లోనో వెళ్ళి, అక్కడి నుంచి విమానంలో సింగపూర్ చేరి ఓడ ఎక్కడం మామూలు. సింగపూర్ నుంచి బయలుదేరినా రాయల్ కరీబియన్ ఓడలో బిల్లు అమెరికా డాలర్లలోనే వస్తుంది. పిల్లోళ్లకు ‘నాలుగే కదా’ అనిపించే కూల్‌డ్రింకు తీసుకోండి. నాలుగు డాలర్ల మీద 18 శాతం సేవా రుసుము కలిస్తే 4.72. డాలరు 90 రూపాయలు అనుకుని లెక్క వేస్తే దాదాపు 425 రూపాయలు. బ్యాంకు 3.5 శాతం విదేశీ మారక రుసుము వేసి, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 442 దాటుతుంది. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపిస్తే పదేళ్ల పిల్లకు వంద మాటల కన్నా బాగా ఎక్కుతుంది. మారక రుసుము లేని కార్డులు కొన్ని బ్యాంకులు ఇస్తాయి, ప్రయాణానికి నెల ముందే విచారించండి. విదేశీ లావాదేవీలను బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేయాలి. ఓటీపీ వచ్చే సిమ్ పనిచేస్తున్నప్పుడే, అంటే ఊరు దాటకముందే చేసేయండి. డెబిట్ కార్డు ఇవ్వొద్దు. ఓడవాళ్ళు ముందుగా కొంత సొమ్ము పట్టి ఉంచుతారు, ఆ పట్టు వదలడానికి దిగిన తర్వాత కూడా కొన్ని రోజులు పడుతుంది, అన్నాళ్ళూ మీ డబ్బు మీది కాదు.

తోడికోడళ్ళ కుటుంబాలు కలిసి వెళ్ళినప్పుడు ఎవరి పిల్లలు ఎవరి కార్డుకు అన్నది బుకింగ్ రోజే తేల్చాలి. అవ్వతో ఒకే గదిలో పడుకునే మనవడి ఖర్చు అవ్వ కార్డుకు ముడిపడి ఉండొచ్చు. ఇంటికొచ్చాక బిల్లు చూసి ‘ఈ ఆరు ఐస్‌క్రీములు మావి కావే’ అనే మాట ఎందుకు? చెక్‌ఇన్ చేసేటప్పుడే ఎవరికి ఎవరు కడతారో ఎంచుకునే వీలుంటుంది.

ఉచితంగా ఏది దొరుకుతుందో పిల్లలకు మొదటి రోజే తిప్పి చూపించడం సగం పని. బఫేలో తిండి, నీళ్ళు, టీ, నిమ్మరసం లాంటివి ఛార్జీలోనే ఉంటాయి. ఈత కొలను దగ్గర మెత్తటి కోన్ ఐస్‌క్రీము కూడా చాలా ఓడల్లో ఉచితమే. దాని పక్కనే డబ్బులిచ్చి కొనే ఐస్‌క్రీము అంగడి ఉంటుంది, పిల్లలు అక్కడే పొరబడతారు. మాక్‌టెయిల్స్ అనే, మందు కలపని రంగురంగుల పానీయాలు మరో గుంట. బార్‌లో పిల్లవాడు కార్డు చూపిస్తే చాలు, ధర అడిగే అలవాటు వాడికి ఉండదు. రోజుకు ఇంత అని కట్టి డ్రింకులు తాగే ప్యాకేజీ తీసుకునే ముందు ఒక లెక్క వేయండి: ప్రయాణం ఎన్ని రోజులైతే అన్ని రోజులకూ కట్టాలి, ఒకరి ప్యాకేజీని ఇద్దరు వాడుకోకూడదు. రేవులో దిగే రోజుల్లో పిల్లలు ఓడలో ఉండేదే కొద్దిసేపు. రోజుకు రెండు డ్రింకుల లోపు తాగే పిల్లకు ప్యాకేజీ సాధారణంగా గిట్టదు.

ఇంటి నుంచి చిరుతిళ్ళు తీసుకెళ్ళే అలవాటు మనకుంది. సీలున్న బిస్కెట్లు, చిప్స్ ప్యాకెట్లకు చాలా ఓడల్లో ఇబ్బంది ఉండదు గానీ ఇంట్లో చేసిన నిప్పట్లు, మురుకులు, పచ్చళ్ళు ఆపేస్తారు. ముందే కంపెనీ నియమాలు చదివి సంచి సర్దండి.

పిల్లలను ఆడించే కిడ్స్ క్లబ్బు పగలంతా ఉచితమే. రాయల్ కరీబియన్‌లో రాత్రి పది దాటాక గంటకు ఇంత అని తీసుకుంటారు, మూడేళ్ల లోపు పిల్లలను నర్సరీలో వదిలినా అంతే. గదికి తిండి తెప్పించుకుంటే మరో రుసుము పడుతుంది. గదిలో ఫోను ఎత్తొద్దని పిల్లలకు చెప్పి ఉంచండి. ఓడలోని దుకాణాలు రేవులో ఆగినప్పుడు మూసి ఉంటాయి. కాబట్టి బొమ్మల బేరం సముద్రం మీద ఉండే రోజుకే వాయిదా వేయొచ్చు, చివరి రోజు తగ్గింపు బల్లలు కూడా పెడతారు.

ఓడ బిల్లులో కనిపించని ఖర్చు ఒకటుంది. పిల్లల ఫోనులో రోమింగ్ ఆన్‌లో ఉంటే అది సముద్రం మీద ఓడ సొంత మొబైల్ నెట్‌వర్కుకు తగులుకుంటుంది. మామూలు అంతర్జాతీయ ప్యాక్‌లు చాలావరకు దానికి వర్తించవు, కాబట్టి ఆ బిల్లు తర్వాత పోస్ట్‌పెయిడ్ కనెక్షన్‌కు వస్తుంది. ఓడ కదలక ముందే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, కావాలంటే ఓడ వైఫైనే వాడండి.

రోజూ రాత్రి పడుకునే ముందు ఓడ యాప్‌లోనో గది టీవీలోనో బిల్లు తెరిచి పిల్లలతో కలిసి చదవండి. తప్పు కనబడితే మర్నాడు పొద్దున్నే కౌంటరుకు చెప్పాలి. ఏ బార్‌లో, ఎన్నింటికి, ఎవరి కార్డు మీద అన్నది అప్పుడైతే వాళ్ళ దగ్గర రసీదు సహా దొరుకుతుంది. దిగే రోజు పొద్దున వెనకాల వందమంది సామాన్లతో నిలబడి ఉంటే నాలుగు డాలర్ల కోసం ఎవరూ వాదించలేరు.